ఇంగువ తాగిన ట్రాక్టరు, తొలిచూలు గేదె

కిందటి నెలలో మా పక్క ఊరి హైస్కూలు వాళ్ళు, ఏ చదువు చదివితే ఏ పని దొరుకుతుందో పదో తరగతి పిల్లలకి చెప్పమని రిటైరైన వాళ్ళని నలుగురైదుగురిని పిలిచారు. పశువుల డాక్టరుగా చేశాను గనక నన్నూ పిలిచారు. నాకు తెలిసిందేదో చెప్పి కూర్చున్నాక వెనక బెంచీలోంచి రెండు జడల పిల్ల ఒకతె లేచి, "మేడమ్, మీరు మొట్టమొదట వైద్యం చేసింది దేనికండి?" అని అడిగింది. గేదెకని చెప్పాను. నిజానికి గేదెకి కాదు, ట్రాక్టరుకి. అది చెబితే పిల్లలు నవ్వుతారు, హెడ్మాస్టరు గారు కంగారుపడతారు. అందుకని గేదె దగ్గర ఆపి వచ్చేశాను. ఆటోలో ఇంటికొస్తుంటే మాత్రం ఆ ఏడాది వర్షాకాలమంతా వరసగా గుర్తొచ్చింది.

అప్పుడు నాకు పదకొండు వెళ్ళి పన్నెండు. మేం దివిసీమలో, మోపిదేవికి కాస్త ఎడంగా ఉన్న ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రంటే రెండు గదుల పెంకుటిల్లు, ముందు పశువుని కదలకుండా నిలబెట్టడానికి పాతిన నాలుగు కర్రల చట్రం. వెనక వాటాలో మా కాపురం. అమ్మ చింతచిగురులో ఎండురొయ్యలు వేసి వండితే ఆ వాసన ముందు గదిలో ఫినాయిలుతో, టింక్చరుతో కలిసిపోయి మా పళ్ళేల్లోకి వచ్చేది. ఆ తరవాత ఎన్ని ఊళ్ళలో చింతచిగురు రొయ్యలు తిన్నా నాకు ఏదో ఒకటి తక్కువైనట్టే ఉంటుంది.

డాక్టరు గారు మూడు ఊళ్ళ ఆసుపత్రులు చూసుకునేవారు. మాకు ఆయన దొరికేది వారానికి రెండు రోజులు. మిగతా రోజుల్లో అన్నీ నాన్నే. సైకిలు వెనక మందుల పెట్టె కట్టుకుని, గొంతువాపు రాకుండా సూదులు వేస్తూ ఊరూరూ తిరిగేవారు. సూది వేస్తే పాలు ఎండిపోతాయని ఆడవాళ్ళ భయం. నాన్న సైకిలు బెల్లు వినపడగానే గేదెల్ని అరటితోటల్లోకి తోలేసేవాళ్ళు. నాన్న తోట గట్టున నిలబడి అచ్చం దూడలా అరిచేవారు. లోపల్నించి గేదె బదులు పలికేది. ఇంకేముంది, దొరికిపోయేది. దాచిన ఆవిడ కూడా నవ్వు ఆపుకోలేక పలుపు పట్టుకుని తనే తీసుకొచ్చేది.

మాది క్రైస్తవ కుటుంబం. ఆదివారం ఆరాధన సగంలో ఉండగా కిటికీ అవతల ఎవరో ఒకరు నిలబడి, "కాంపౌండరు గారూ, మా ఎద్దు పొట్ట ఉబ్బిందండీ" అనేవాళ్ళు. పాస్టరు గారు ప్రసంగం ఆపి, "వెళ్ళి రండి, మీ వంతు ప్రార్థన మేం చేస్తాం" అని పంపేసేవారు.

ఎవరింట్లో గేదె ఈనినా మాకు జున్నుపాలు వచ్చేవి. అమ్మ బెల్లం, మిరియాలు, యాలకులు దంచివేసి ఆవిరి మీద ఉడికించేది. గిన్నె మీద మూత తీసేదాకా నేను పొయ్యి దగ్గర్నించి కదిలేదాన్ని కాదు. ఒకసారి సండేస్కూల్లో ఎవరి కోసం ప్రార్థిస్తారో చెప్పమంటే, నేను లేచి, ఊళ్ళో చూడి గేదెలన్నీ ఈ వారంలోనే ఈనాలని ప్రార్థించాను. టీచరమ్మకి ఆమెన్ అనాలో వద్దో తెలియలేదు. పిల్లలందరూ మాత్రం గట్టిగా అన్నారు.

ఆ ఏడాది కాలవలకి నీళ్ళు వదలబోయే ముందు ఊళ్ళో పెద్దరైతు ఒకాయన ట్రాక్టరు కొన్నారు. ఎర్రటిది. దాన్ని బెజవాడ నుంచి రోడ్డు మీద నడుపుకుంటూ గుడివాడ వైపు కుర్రాడొకడు తెచ్చాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. ఖాకీ చొక్కా, నెత్తి మీద టోపీ, ఎంత సబ్బు పెట్టి కడిగినా గోళ్ళ చుట్టూ నల్లగా నూనె. ట్రాక్టరుతోపాటు అతన్నీ ఊళ్ళోనే ఉంచేసుకున్నారు. మా వీధిలో ఒక గదిలో దిగాడు. మొదటిరోజే మా అమ్మని "అక్కయ్యా" అన్నాడు గనక నేను అతనికి "కోడలా", అతను నాకు డ్రైవరు మావయ్య.

భోజనం మాత్రం ఊరి చివర, మురుగు కాలవ అవతల ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఒక గేదెని పెట్టుకుని పాలూ పెరుగూ అమ్ముకుని బతికేది. ఊరంతా పెరుగు పెద్దమ్మ అనేవాళ్ళు. ఆ గేదె ముసలిదై ఒట్టిపోయాక అమ్మేసి, దాని కడుపున పుట్టిన పెయ్యనే పెంచుకుంది. అదిప్పుడు తొలిచూలుతో ఉంది. అది ఈని పాలు దిగితేనే ఆవిడ పొయ్యి సరిగ్గా వెలిగేది. అప్పటిదాకా డ్రైవరు మావయ్య ఇచ్చే తిండి ఖర్చే ఆవిడకి ఆధారం.

పొద్దున్నే కాఫీకి డ్రైవరు మావయ్య మా అరుగు మీదికి వచ్చేవాడు. కాఫీ ఒక వంక, అసలు పని నాన్నతో వాదన.

"కాంపౌండరు గారూ, ఇంకో పదేళ్ళు చూడండి. ఆ తరవాత మన జిల్లాలో ఎద్దనేది కనపడదు. మీరు ఇప్పట్నించే ఇంకో పని చూసుకోండి."

"నీ బండి పేడ వేస్తుందా?" అనేవారు నాన్న.

"వెయ్యదండీ. గడ్డీ తినదు. జబ్బూ చెయ్యదు."

"మరి మొన్న గట్టు మీద దగ్గుకుంటూ ఆగిపోయిందేంటయ్యా?"

"అది జబ్బు కాదండీ. డీజిల్లో నలక పడింది."

"ఎద్దుకీ అంతే. మేతలో ముల్లు పడుతుంది. ఆ మాటకొస్తే ఎద్దు నయం, అది నా వంక చూసి నొప్పి ఎక్కడుందో చెబుతుంది."

నేను ఇద్దరి మధ్యా కూర్చుని వినేదాన్ని. మనసు మాత్రం ట్రాక్టరు మీదే. ఆసుపత్రి పశువులు నేను పుట్టినప్పట్నించీ ఉన్నవే. ట్రాక్టరు కొత్తది. సాయంత్రం పెద్దరైతు దొడ్లో బండి ఆపాక డ్రైవరు మావయ్య నన్ను సీటులో కూర్చోబెట్టి, ఇది క్లచ్చి, ఇది గేరు అని చూపించేవాడు. నా కాలు క్లచ్చికి జానెడు దూరంలో ఆగిపోయేది.

"ఆడపిల్లకి అవన్నీ నేర్పుతావేంటి తమ్ముడూ" అంది అమ్మ ఒకరోజు.

"దానికి కళ్ళుంటాయా అక్కయ్యా, సీటులో ఆడపిల్లుందో మగపిల్లాడున్నాడో చూసుకోడానికి? కాలు అందితే చాలు" అన్నాడు.

ఆ రాత్రే నేను తలుపు చట్టానికి ఆనుకుని నిలబడి బొగ్గుతో ఎత్తు గీసుకున్నాను. పెద్దయ్యాక ట్రాక్టరు డ్రైవర్నే అవ్వాలని తీర్మానించుకున్నాను.

ఇంగువ సంగతి ఆ తరవాత వారంలోనే జరిగింది. కొన్ని రోజులుగా ట్రాక్టరు పొద్దున్న స్టార్టు చేస్తే చాలు, గురగురమని, దగ్గి, నల్లటి పొగ వదిలి ఆగిపోతోంది. డ్రైవరు మావయ్య ఏవేవో విప్పి ఊదుతున్నాడు. నేను దగ్గరగా నిలబడి విన్నాను. పొట్ట ఉబ్బిన ఎద్దు కడుపు మీద చెవి పెడితే వినపడే చప్పుడూ అదే. ఇంత చిన్న విషయం వీళ్ళకెందుకు తట్టలేదా అనుకున్నాను.

పొట్ట ఉబ్బరానికి నాన్న ఇచ్చే మందు నాకు కంఠతా వచ్చు. ఇంగువ, వాము, సొంఠి దంచి, ఆముదంలో కలిపి, వెదురు గొట్టంతో నోట్లో పోయాలి. అమ్మ పోపులపెట్టెలో ఇంగువ ముద్ద సగం విరిచాను. మిగతావి ఆసుపత్రిలో ఉన్నవే. మర్నాడు పొద్దున్న డ్రైవరు మావయ్య రేడియేటరు మూత తీసి, నీళ్ళకని బావి దగ్గరికి వెళ్ళాడు. ట్రాక్టరు నోరు అంత బాగా తెరిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. గొట్టం ఆనించి, నాన్న అనేట్టే "తాగు, మా తల్లే, తాగు" అంటూ మొత్తం పోసేశాను. పైన అతను వచ్చి నీళ్ళు పోసుకుని, మూత బిగించి పొలానికి వెళ్ళిపోయాడు.

అరగంటయ్యేసరికి ఊళ్ళో గాలి మారింది. పెద్దరైతు గారి పొలంలో ఎవరో పప్పుచారు కాస్తున్నారని నారుమళ్ళలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు అటు తిరిగి చూశారట. ట్రాక్టరు మూతి నుంచి తెల్లటి ఆవిరి, ఘాటైన ఇంగువ వాసన. బండి చల్లారాక డ్రైవరు మావయ్య మూత విప్పి, వేలు ముంచి, వాసన చూసి, గట్టు మీద చతికిలబడ్డాడట. ఆ తరవాత చాకలి సోడా తెప్పించుకుని మధ్యాహ్నం దాకా కడిగాడు.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. నేను ధాన్యం గాదె వెనక దాక్కున్నాను.

"కాంపౌండరు గారూ, మందు మంచిదేనండీ. రోగి తప్పు" అన్నాడు.

నాన్నకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక, నవ్వితే నాకు అలుసవుతుందని కాబోలు, వీధిలోకి వెళ్ళి నవ్వొచ్చారు. వారం రోజులపాటు రేడియేటరుకి నీళ్ళు నేనే మోయాలని శిక్ష వేశారు. అది శిక్షని నాకు అనిపించలేదు.

ఇదంతా జరిగిన కొన్ని వారాలకి, నాట్లకి పొలాలు బురదగా దున్నే దమ్ములు మంచి జోరుమీదున్నప్పుడు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. బడి కప్పు కారుతోందని సెలవిచ్చేశారు. డాక్టరు గారు ఏదో మీటింగుకని బందరు వెళ్ళారు. పొద్దున్న పది గంటలప్పుడు ట్రాక్టరు చప్పుడు మా గుమ్మం ముందుకి వచ్చి ఆగింది. డ్రైవరు మావయ్య ఇంజను ఆపలేదు, టోపీ కూడా లేదు.

"కాంపౌండరు గారూ, పెద్దమ్మ గేదె తెల్లారగట్ట నుంచి నొప్పులు పడతందండీ. ముక్కు కనపడతంది, ఒక కాలొచ్చింది. ఇంకేం రావట్లేదు. ఎక్కండి."

ఆ బండి ఎక్కనని నాన్న అంతకుముందు పదిసార్లైనా అరుగు మీద చెప్పి ఉంటారు. సైకిలు వంక చూశారు. వీధిలో మోకాలి లోతు నల్ల బురద. పెట్టె చంకలో పెట్టుకుని ఒక చక్రం మీది రేకు మీద ఎక్కి కూర్చున్నారు. రెండోవైపు రేకు ఖాళీగా ఉంది. నన్నెవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. ఎక్కేశాను. వాళ్ళు నన్ను చూసేసరికి బండి వీధి దాటిపోయింది.

బురదలో ట్రాక్టరు అటూ ఇటూ జారుతోంది. నాన్న కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేస్తున్నారు.

"కాస్త గట్టిగా చెయ్యండి, మురుగు కాలవ వంతెన వస్తంది" అన్నాడు డ్రైవరు మావయ్య.

పెద్దమ్మ పాకలో గేదె పక్కకి పడుకుని ఉంది. కళ్ళు బయటికి వచ్చేస్తున్నాయి. పెద్దమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"బాబ్బాబు, దూడ పోతే పోయింది. దీన్ని నాకు దక్కించండి" అంది ఏడుస్తూ.

నాన్న ఊదారంగు మందు నీళ్ళతో చేతులు కడుక్కుని, ఆముదం రాసుకుని, గేదె వెనక మోకాళ్ళ మీద కూర్చున్నారు. చెయ్యి పెట్టబోయి, అరక్షణంలో తీసేశారు.

"తొలిచూలు. దారి ఇరుకు. నా చెయ్యి పట్టదు" అన్నారు.

డ్రైవరు మావయ్య తన చేతులు చూసుకున్నాడు. అవి నాన్న చేతుల కంటే వెడల్పు. నాన్న అటూ ఇటూ చూసి నా చేతి దగ్గర ఆగారు.

"ఇలా రా. గోళ్ళు చూపించు."

పెట్టెలోంచి కత్తెర తీసి నా గోళ్ళు కత్తిరించారు. భుజం దాకా కడిగి, భుజం దాకా ఆముదం పూశారు. నాకు అప్పుడు అర్థమైంది.

"కళ్ళు మూసుకో. లోపల కళ్ళతో పని లేదు. నొప్పి వచ్చినప్పుడు అది బిగుసుకుంటుంది, నీ చెయ్యి నలుగుతుంది. అప్పుడు కదలొద్దు. వదులైనప్పుడు ముందుకి వెళ్ళు. ఏం తగిలితే అది చెప్పు."

లోపల అంత వెచ్చగా ఉంటుందని నేననుకోలేదు. వాన తడికి చల్లబడ్డ చెయ్యి ఆ వేడికి జివ్వుమంది. గేదె ముక్కింది. మణికట్టు విరిగిపోతుందనుకున్నాను. పళ్ళు బిగించి ఆగాను. వదులైంది.

"మెత్తగా ఉంది నాన్నా. ముక్కు. పక్కన నాలిక."

"నోట్లో వేలు పెట్టు."

పెట్టాను. లోపల ఆ దూడ నా వేలు చీకింది. గట్టిగా కాదు, నిద్దట్లో చంటిపిల్లలు చీకినట్టు రెండుసార్లు.

"చీకుతోంది నాన్నా."

పెద్దమ్మ ఏడుపు ఆగిపోయింది. "బతికుంది" అన్నారు నాన్న. "మెడ పక్కనించి భుజం దగ్గరికి వెళ్ళు. అక్కణ్ణించి కిందికి. మోకాలు మడతపడి ఉంటుంది చూడు."

"ఉంది."

"ముందు దూడని లోపలికి నెట్టు. అప్పుడే కాలు తిరగడానికి చోటొస్తుంది. నెమ్మది. ఇప్పుడు గిట్ట దొరకబుచ్చుకో. అరచేత్తో దాన్ని మొత్తం కప్పెయ్. కప్పకుండా లాగితే గర్భసంచి చీరుకుపోతుంది."

గిట్ట నా గుప్పిట్లోకి వచ్చింది. కొబ్బరి ముక్కలా మెత్తగా, జారుతూ. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి గుప్పిట బిగించి నా వైపు తిప్పాను. ఏదో తలుపు గడియ ఊడినట్టు కాలు చటుక్కున నిటారైంది. చెయ్యి బయటికి తీసేసరికి దాని వెనకే రెండో గిట్ట కూడా వచ్చింది.

నాన్న రెండు కాళ్ళకీ నూలు తాడు వేశారు. గేదె ముక్కినప్పుడల్లా నాన్నా, డ్రైవరు మావయ్యా కలిసి కిందికి లాగారు. నాలుగో నొప్పికి దూడ, ఉమ్మనీరు, రక్తం అన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. డ్రైవరు మావయ్య తాడు వదిలేసి, "అమ్మో" అని నెమ్మదిగా కూర్చుని, ఇంకా నెమ్మదిగా పేడలోకి వాలిపోయాడు.

"వాడి సంగతి తరవాత" అన్నారు నాన్న, దూడ ముక్కు తుడుస్తూ. అది కదలట్లేదు. గడ్డి పరకతో ముక్కులో పొడిచారు. గడ్డితో ఒళ్ళంతా రుద్దారు. నేను కూడా రుద్దాను. ఇంకోసారి పొడిచారు. దూడ తుమ్మింది. తల విదిలించి ఇంకోసారి తుమ్మింది.

పెద్దమ్మ గేదె తల కింద పెట్టి, దేక్కుంటూ వచ్చి, దూడ తోక ఎత్తి చూసింది. "పెయ్య" అంది. అంతే అంది. ఆ తరవాత నా తడి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని తన కళ్ళకి అద్దుకుంది. అంత పెద్దావిడ నా చెయ్యి కళ్ళకద్దుకోవడం నాకు భలే సిగ్గనిపించింది. డ్రైవరు మావయ్య మొహాన నీళ్ళు కొట్టే పని దొరికింది గనక అటు పారిపోయాను.

ఇంటికి వెళ్ళాక అమ్మ నన్ను చూసి ముందు నాన్న మీద కేకలేసింది, ఆడపిల్ల చేత చేయించే పనేనా అని. కేకలేస్తూనే వేణ్ణీళ్ళు కాచి కుంకుడుకాయ రసంతో రుద్ది స్నానం చేయించింది. వాచిపోయిన చేతికి ఉప్పు కాపడం పెట్టింది. ఆ వేళ అన్నం నా నోటికి తనే అందించింది. చివరి ముద్ద పెడుతూ, "నిజంగా నీ వేలు చీకిందా?" అని అడిగింది.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట పెద్దవాళ్ళు గుంపుగా చేరారు. ఇలాంటి పనులు చేసిన పిల్లకి రేపు సంబంధాలు ఎలా వస్తాయని ఒకావిడ అంది. పాస్టరమ్మగారు, "మంత్రసాని ఆడదైతే తప్పు లేనప్పుడు గేదె మంత్రసాని ఆడదైతే వచ్చిందేంటండీ" అనేసరికి అందరూ నవ్వేశారు, ఆ మాట అన్నావిడతో సహా.

డ్రైవరు మావయ్య రెండు రోజులు మా అరుగు వైపు రాలేదు. మూడోరోజు వచ్చి కాఫీ తాగి నాతో అన్నాడు.

"కోడలా, బండి తోలడం ఎవరికైనా నేర్పగలను. మొన్న నువ్వు చేసింది చూడ్డానికే నా వల్ల కాలేదు. నువ్వు అటే వెళ్ళు."

"ట్రాక్టరు నేర్పవా మరి?"

"అదీ నేర్పుతా. డాక్టరువి అయ్యాక వానలో ఎవరు తీసుకెళ్తారు నిన్ను?"

బందరు నుంచి వచ్చాక డాక్టరు గారు కూడా నన్ను పిలిపించారు. చెయ్యి ఎలా తిప్పానో కుర్చీ కాలు పట్టుకుని చూపించమన్నారు. చూపించాను. రెండోసారి కూడా చూపించమని, నాన్న వైపు తిరిగి, "ఈ అమ్మాయిని సైన్సు చదివించండి" అన్నారు.

చదివించారు. దానికోసం నాన్న పడ్డ తంటాలు, కాలేజీలో నేనొక్కదాన్నే ఆడపిల్లనై పడ్డ తంటాలు వేరే కథ. డ్రైవరు మావయ్య ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, నా కాలు క్లచ్చికి అందిన ఏడాదే నాకు బండి నేర్పాడు. తరవాత గుడివాడలో సొంతంగా రిపేరు షెడ్డు పెట్టాడు. తన కూతురికీ పనిముట్లు పట్టడం నేర్పాడు. అతను చెప్పింది చాలా వరకూ నిజమే అయింది, మా వైపు దమ్ము ఎద్దులు కనపడకుండా పోయాయి. పెద్దమ్మ గేదె మాత్రం ఆ తరవాత ఆరు ఈతలు ఈనింది. ఆవిడ చివరిదాకా ఎవరి మీదా ఆధారపడకుండా బతికింది.

నాన్న రిటైరై నా దగ్గరికి వచ్చాక ఒక సాయంత్రం నేను ఏదో కష్టమైన ఈత చేయించి ఇంటికి వచ్చాను. చేతులు కడుక్కుంటూ, మాటవరసకి అడిగాను.

"నాన్నా, మీ సర్వీసులో ఇలాంటివి ఎన్ని చేయించి ఉంటారు?"

"ఒక్కటీ లేదు" అన్నారు.

నేను తువ్వాలుతో వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"డాక్టరు గారు చేస్తుంటే పక్కన నిలబడి మందు నీళ్ళు పట్టుకునేవాణ్ణి. చాలాసార్లు చూశాను. ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. ఆ రోజు పెద్దమ్మ పాకలో నా చెయ్యి పట్టక కాదమ్మా తీసేసింది. భయమేసి. నీకు చెప్పిందంతా డాక్టరు గారి నోటి వెంట విన్న మాటలే. సరిగ్గా గుర్తున్నాయో లేదో కూడా తెలియదు."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. నవ్వుతూనే ఆ పాక, ఆ వాన, ఆ వెచ్చదనం ఒకసారి వెనక్కి తలుచుకున్నాను. మూసుకున్న కళ్ళ అవతల వినపడ్డ ఆ గొంతు తలుచుకున్నాను. అది ఒక్క మాట దగ్గర కూడా తడబడలేదు.